పండరీ నుంచి ఉత్తరపు అడవులకు దూరపు సైకిల్ యాత్ర

దూరపు సైకిల్ యాత్ర అంటే బట్టలు, పడక, తిండి, పనిముట్లు అన్నీ సైకిలు మీదే వేసుకుని రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి సాగించే ప్రయాణం. ఇందులో పందెం లేదు. హైదరాబాద్ వంటి నగరాల్లో క్లబ్బులు జరిపే బ్రెవే సవారీలు దీనికి దగ్గరి చుట్టాలే కానీ ఇది కావు. బ్రెవేలో 200 కి.మీ. దూరాన్ని పదమూడున్నర గంటల్లో, 600 కి.మీ. దూరాన్ని నలభై గంటల్లో ముగించాలి. యాత్రలో అలాంటి గడువేదీ ఉండదు. దారి జనం పలచగా ఉండే ఉత్తరపు అడవుల్లోకి, కొండల్లోకి మళ్ళాక లెక్క మారిపోతుంది. మైదానంలో రోజుకు ఎంత తొక్కామని చూసుకుంటాం. అడవిలో మాత్రం ఒక మంచినీళ్ళ చోటు దాటితే మళ్ళీ నీళ్ళెక్కడ, తిండెక్కడ, పంచరు వేసేవాళ్ళెక్కడ అన్నదే చూసుకోవాలి. ఈ ఎడం ఎంత పెరిగితే దారి అంత మారుమూలది. తెలుగువాళ్ళకు దగ్గర్లో ఈ లెక్క నేర్చుకోవడానికి ఉత్తర ఛత్తీస్‌గఢ్‌ను మించిన చోటు అరుదు. ఆ ప్రయాణం మొదలుపెట్టడానికి వీలైన ఊరు రాయ్‌పూర్, అందులోనూ పండరీ.

పండరీ

పండరీ రాయ్‌పూర్ నగరం లోపలి పేట. బట్టల టోకు మార్కెట్టుకు పేరు. ఏళ్ళ తరబడి నగరపు పెద్ద బస్టాండు ఇక్కడే ఉండి, తరువాత దక్షిణాన ఉన్న భాఠాగావ్‌కు మారింది. జిల్లా ఆసుపత్రి, చేనేత, హస్తకళల వస్తువులు అమ్మే ఛత్తీస్‌గఢ్ హాట్ కూడా పండరీలోనే ఉన్నాయి. రైల్వే స్టేషను దగ్గరే. ఆంధ్ర నుంచి సైకిలు వేసుకుని వచ్చేవారికి ఇది ముఖ్యం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వాళ్ళు పనుల కోసం ఇటు వచ్చింది ఎక్కువగా ఆ దారినే. రాయ్‌పూర్, భిలాయ్‌లలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. రోడ్డు మీద రాదలిస్తే 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో మొదలై కొత్తగూడెం, భద్రాచలం, కోంటా, జగదల్‌పూర్, కేశ్‌కాల్ ఘాట్, కాంకేర్, ధమ్తరి మీదుగా రాయ్‌పూర్ వచ్చి, ఇంకా ఉత్తరానికి జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, లఖ్‌నవూ దాటి ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దాకా పోతుంది. సుమారు రెండు వేల కిలోమీటర్ల దారి. మన గుమ్మం ముందు రోడ్డే హిమాలయాల పాదాల దాకా పోతుందన్న సంగతి ఎందుకో మన సైకిలు క్లబ్బులను అంతగా ఊరించలేదు.

యాత్రికుడు పండరీ మార్కెట్టులో కాసేపు గడపడం మంచిది. నవంబరులో రాయ్‌పూర్ పగటి ఎండలో నిలబడ్డవాడికి ఇంకో నాలుగు రోజుల్లో చేతి వేళ్ళు బ్రేకు పట్టు మీద కొంకర్లు పోతాయంటే నమ్మబుద్ధి కాదు. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, పలచని దుప్పటి, సామాను మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టా ఇక్కడే కొనుక్కోవాలి. సముద్రమట్టానికి రాయ్‌పూర్ సుమారు 300 మీటర్ల ఎత్తు, ఉత్తరాన అంబికాపూర్ 600 మీటర్ల పైన, దాని దగ్గరి మైన్‌పాట్ పీఠభూమి వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. డిసెంబరు, జనవరి నెలల్లో మైన్‌పాట్, సామ్రీపాట్ మీద గడ్డిలోని మంచుబిందువులు తెల్లగా గడ్డకట్టే రాత్రులుంటాయి.

దారులు

ఉత్తరానికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే తిన్ననిది బిలాస్‌పూర్ దారి. రాయ్‌పూర్ దాటగానే సిల్తరా ఉక్కు, స్పాంజ్ ఐరన్ కర్మాగారాల పొగ, లారీల వరస. సిమ్గా దగ్గర 130వ నంబరు జాతీయ రహదారి అందుకుంటే బిలాస్‌పూర్ మొత్తం 115, 120 కిలోమీటర్లు. నాలుగు వరసల రోడ్డు, నీడ తక్కువ. దీని మీద చెప్పుకోదగ్గది ఏమీ లేదు కాబట్టి తెల్లవారకముందే బయలుదేరి దాటేయాలి. అసలు ప్రయాణం బిలాస్‌పూర్ తరువాత మొదలవుతుంది. పాతిక కిలోమీటర్లలో రతన్‌పూర్. కలచురుల పాత రాజధాని, మహామాయ గుడి ఉన్న ఊరు. ఆ తరువాత పురాతన శివాలయం ఉన్న పాలీ, దాని మీదట కట్‌ఘోరా. ఇక్కడ కోర్బా బొగ్గు గనుల లారీలు రోడ్డును నల్లగా చేసి పెడతాయి. కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ లేకుండా దీపకా, గేవ్రా దగ్గరి రోడ్ల మీద తొక్కడం ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కట్‌ఘోరా దాటాక లోకం మారుతుంది. సాలవృక్షాలు రెండు పక్కలా మూసుకొస్తాయి. హస్‌దేవ్ నది మీద కట్టిన మినీమాతా బాంగో జలాశయపు నీళ్ళు, కేందయీ జలపాతం, మోర్గా, ఆపైన ఉదయ్‌పూర్, లఖన్‌పూర్, అంబికాపూర్. ఇదే హస్‌దేవ్ అరణ్యం, సుమారు 1,700 చదరపు కిలోమీటర్ల దట్టమైన అడవి. దీని కింద బొగ్గు ఉంది, దాని చుట్టూ పోరాటమూ ఉంది. గనులు వద్దంటూ 2021 అక్టోబరులో ఇక్కడి ఊళ్ళ జనం సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరారు. సైకిలు మీద ఈ అడవిని చూడాలని వచ్చేవాడికి ఆ నడక గుర్తుండాలి. మనం సరదాగా ఎక్కే మెరకలను వాళ్ళు తమ ఇల్లు నిలుపుకోవడానికి ఎండలో, పిల్లల్నీ మూటల్నీ మోసుకుంటూ దిగారు.

ఉదయ్‌పూర్ దగ్గర రామ్‌గఢ్ కొండ మీద సీతాబేంగరా, జోగీమారా గుహలున్నాయి. క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ శాసనాలు, జోగీమారాలో మన దేశంలోని అతి పాత కుడ్యచిత్రాల్లో కొన్ని. సీతాబేంగరాను ప్రాచీన నాట్యశాల అని కొందరు పండితులు అంటారు. సైకిలు కింద తాళం వేసి కొండెక్కడానికి ఒక పూట కేటాయించుకోవడం సమంజసం.

రెండో దారి కవర్ధా మీదుగా. జబల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు రహదారిలోనే సాగి, బేమేతరా, కవర్ధా దాటి, భోరందేవ్ గుడి పక్కనుంచి మైకల్ కొండల్లోకి ఎక్కి చిల్పీ ఘాట్ చేరుతుంది. ఆవల మధ్యప్రదేశ్, కాన్హా పులుల అడవి. మూడోది అచ్చంగా పండరీ దారి. మోవా మీదుగా ఈశాన్యంగా బలౌదా బజార్, కస్డోల్, శివరీనారాయణ్ వైపు పోతుంది. సిమెంటు లారీలు దాటాక పల్లెలు, వరిపొలాలు, మహానది ఒడ్డు. వేగం కావాలనుకునేవారికి ఇది చుట్టు. పల్లెలు కావాలనుకునేవారికి ఇదే మేలు.

నీళ్ళు, తిండి, వెలుగు

సామానుతో ఉన్న సైకిలు చదునైన రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్లు పోతే గొప్ప. ఘాట్ మీద అయిదారుకు పడిపోతుంది. డిసెంబరులో అంబికాపూర్ ప్రాంతంలో సూర్యుడు ఉదయం ఆరున్నరకు లేచి సాయంత్రం అయిదుంబావుకల్లా దిగిపోతాడు. మొదటి గంటన్నర పొగమంచు, చివరి గంట వదిలేయాల్సిన వేళ. మిగిలిన ఎనిమిది గంటల్లో తిండికి, నీళ్ళకు, పలకరింపులకు రెండు తీసేస్తే 70, 80 కిలోమీటర్లు. ఇంతకు మించి పథకం వేసుకున్నవాళ్ళు చీకట్లో చిక్కుకుంటారు.

రోడ్డు పక్క చేతిపంపులు చాలా ఊళ్ళలో ఉంటాయి. అయినా అడవి మధ్య ముప్పై, నలభై కిలోమీటర్ల ఎడాలు ఎదురవుతాయి. మామూలు వేడిలో గంటకు ముప్పావు లీటరు తాగే మనిషి ఘాట్ ఎక్కేటప్పుడు నాలుగు లీటర్లు మోయాలి. అంటే నాలుగు కిలోల బరువు. నీళ్ళ బరువు తగ్గించుకోవడానికి బట్టలు తగ్గించుకోవచ్చు కానీ, బట్టల బరువు కోసం నీళ్ళు తగ్గించకూడదు. ఉదయం ఏ చిన్న హోటల్లోనైనా పోహా, జిలేబీ, భజియా దొరుకుతాయి. మధ్యాహ్నం దాటాక చిన్న ఊళ్ళలో వండిన తిండి దొరక్కపోవచ్చు కాబట్టి వేయించిన శనగలు, బెల్లం, అటుకులు సంచిలో ఉండాలి. ఎవరింట్లోనైనా బోరే బాసీ పెడితే వదులుకోవద్దు. అది మన చద్దన్నమే. ఎండలో తొక్కినవాడి కడుపుకు దానంత చల్లన మరొకటి లేదు.

చలిలో యాత్రికుణ్ణి దెబ్బతీసేది ఎక్కడం కాదు, దిగడం. ఎక్కేటప్పుడు చెమటకు చొక్కా తడుస్తుంది. అదే తడి చొక్కాతో పదిహేను నిమిషాలు కిందికి జారితే ఒళ్ళంతా వణుకు. మలుపు దగ్గర ఆగి పొడి బట్ట మార్చుకోవాలి. లేదా పాతకాలపు సైకిలువాళ్ళు చేసినట్టు ఛాతీ మీద చొక్కా కింద వార్తాపత్రిక మడిచి పెట్టుకోవాలి. ఏ ఖరీదైన జాకెట్టుకూ తీసిపోని పని చేస్తుంది.

సైకిలు

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో సైకిలుకు కొదవ లేదు. హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చే సరస్వతి సైకిల్ యోజన వల్ల ఎంత మారుమూల బడికైనా పిల్లలు గుంపులుగా తొక్కుకుంటూ పోవడం కనిపిస్తుంది. సైకిళ్ళున్న చోట పంచరు కొట్టు ఉంటుంది. వారపు సంతలో చెట్టు కింద పంపు, పళ్ళెం, డబ్బా పెట్టుకుని కూర్చునే మేస్త్రీ పనితనం చూసి తీరాలి. ట్యూబును నీళ్ళ పళ్ళెంలో మూరెడు మూరెడు చొప్పున ముంచి నొక్కుతాడు. బుడగలు లేచిన చోట అగ్గిపుల్ల మొన గుచ్చి గుర్తు పెట్టుకుంటాడు. తుడిచి, ఆకురాయితో గరుకు తేల్చి, సొల్యూషన్ పూసి ఆరనిస్తాడు. ప్యాచ్ అంటించాక సుత్తితో నాలుగు పోట్లు. ఆ తరువాత టైరు లోపల వేళ్ళు పోనిచ్చి చుట్టూ తడిమి ముల్లు వెతుకుతాడు. కొత్తవాళ్ళు మరిచిపోయేది ఈ తడమడమే. ముల్లు తీయకుండా ట్యూబు మారిస్తే పది నిమిషాల్లో మళ్ళీ గాలి పోతుంది.

అయితే ఆ మేస్త్రీ దగ్గర గేరు సైకిలుకు సరిపడే సామాను ఉండదు. మామూలు దేశీ సైకిలు 28 అంగుళాల చక్రపు రిమ్ము 635 మిల్లీమీటర్లది. నగరాల్లో అమ్మే టూరింగ్, హైబ్రిడ్ సైకిళ్ళ రిమ్ము 622. పదమూడు మిల్లీమీటర్ల తేడాకే టైరు పట్టదు. దేశీ చెయిను వెడల్పు ఎక్కువ, గేరు చక్రాల మధ్య దూరదు. సన్నని ప్రెస్టా వాల్వుకు ఊళ్ళోని పంపు పట్టుకోదు. గోలీ అంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే చాలు, మోటారు సైకిళ్ళ కొట్టులో కంప్రెసరుతో గాలి కొట్టించుకోవచ్చు. దూరం పోయేవారు రెండు ట్యూబులు, మడిచే టైరు ఒకటి, చెయిను విడదీసే పనిముట్టు, కలిపే లింకులు, గేరు హ్యాంగరు, నాలుగు పుల్లలు, బ్రేకు ప్యాడ్లు, కేబుళ్ళు తెచ్చుకోవాలి. హ్యాంగరు చిన్న అల్యూమినియం ముక్క. సైకిలు పక్కకు పడితే ముందు వంగేది అదే, ఏ ఊళ్ళోనూ దొరకనిది కూడా అదే. గేర్లు లేని ఉక్కు సైకిలు మీదే యాత్ర చేస్తే ఈ చిక్కులన్నీ తీరతాయి. మెరకల దగ్గర దిగి నడిపించుకోవాలి, అంతే. ఈ నేలకు అదే సరైన బండి అన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఏనుగులు, ఎలుగులు, మనుషులు

ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లో సైకిలు యాత్రికుడికి అన్నిటికంటే పెద్ద ముప్పు ఏనుగు. ఝార్ఖండ్, ఒడిశా వైపు నుంచి గత కొన్ని దశాబ్దాల్లో వచ్చిన మందలు సర్గుజా, కోర్బా, రాయ్‌గఢ్, జశ్‌పూర్ జిల్లాల్లో స్థిరపడ్డాయి. వాటి కోసమే హస్‌దేవ్ పరిసరాల్లో 1,995 చదరపు కిలోమీటర్ల లేమ్రూ ఏనుగుల రిజర్వును ప్రకటించారు. వరి కోతల రోజుల్లో, అంటే సరిగ్గా సైకిలు యాత్రకు అనువైన నవంబరు, డిసెంబరుల్లో, పొద్దుగూకగానే మందలు పొలాల వైపు కదులుతాయి. సైకిలుకు చప్పుడు ఉండదు. చప్పుడు లేకుండా మలుపు తిరిగి మంద మధ్యకు పోవడం కంటే ప్రమాదం లేదు. తాజా లద్దె, విరిగిన కొమ్మలు, రోడ్డుకు అడ్డంగా పడిన వెదురు కనిపిస్తే ఆగి వెనక్కు పోవాలి. మంద ఎటుందో ఊళ్ళోవాళ్ళకు తెలుస్తుంది. చాలా ఊళ్ళలో ఏనుగుల కదలికలు కనిపెట్టి చాటింపు వేసే హాథీ మిత్ర దళాలున్నాయి. కట్‌ఘోరా, ఉదయ్‌పూర్‌ల మధ్య సాయంత్రం నాలుగు దాటాక తొక్కకూడదన్నది నియమంగా పెట్టుకోవాలి.

ఎలుగుబంటి ముప్పు వేరే కాలంలో. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల కింద మనుషులూ ఎలుగులూ ఒకే పువ్వు కోసం చేరతారు. దాడులు అప్పుడే ఎక్కువ. ఆ తరువాత ఎండలు ముదిరి యాత్రకు వీల్లేకుండా పోతుంది. మే నెలలో రాయ్‌పూర్ 44 డిగ్రీలు దాటుతుంది. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా వానలు, వాగుల పొంగు.

రక్షిత అడవుల్లోకి పోవాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. బిలాస్‌పూర్ పడమరన 2009లో పులుల రిజర్వు అయిన అచానక్‌మార్ దారి అందంగా ఉంటుంది, అమర్‌కంటక్‌కు దగ్గర కూడా. కానీ అక్కడ రాకపోకల మీద ఆంక్షలున్నాయి, ముందుగా అటవీశాఖను అడగాలి. కోరియా, సూరజ్‌పూర్, బలరాంపూర్‌ల వైపు ఉన్న గురు ఘాసీదాస్, తమోర్ పింగ్లా అడవులను కలిపి 2024 నవంబరులో దేశపు 56వ పులుల రిజర్వుగా ప్రకటించారు. విస్తీర్ణం 2,829 చదరపు కిలోమీటర్లు. దేశంలో దీనికంటే పెద్దవి రెండే, మన నాగార్జునసాగర్ శ్రీశైలం, అస్సాంలోని మానస్. మన దేశపు చివరి చీతాలు మూడింటిని 1947లో కోరియా మహారాజు వేటాడింది కూడా ఈ వైపు అడవుల్లోనే.

ఇది మనుషులు లేని అడవి కాదు. పహాడీ కోర్వాలు, పండోలు, ఉరావులు, గోండులు తరతరాలుగా ఉన్న చోటు. మైన్‌పాట్‌లో 1960ల మొదట్లో వచ్చి స్థిరపడిన టిబెటన్ల ఊళ్ళున్నాయి. వాళ్ళ బౌద్ధ మఠాలు, మొక్కజొన్న, బంగాళాదుంప పొలాలు ఆ పీఠభూమికి వేరే రూపు తెచ్చాయి. హిందీ వస్తే పని జరుగుతుంది. అక్కడి మాట సర్గుజిహాలో నాలుగు ముక్కలు నేర్చుకుంటే ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి. అడగకుండా ఫొటో తీయడం, ఎవరి పొలం గట్టునో చెప్పకుండా గుడారం వేయడం రెండూ తప్పే. రాత్రికి బడి వరండా, పంచాయతీ భవనం అడిగితే సాధారణంగా కాదనరు. సర్పంచికి ముందు చెప్పాలి.

ముందు వెళ్ళినవాళ్ళు, ఇంకా ఉత్తరాన

మన దేశంలో దూరపు సైకిల్ యాత్రకు పెద్ద చరిత్ర ఉంది. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా 1928లో తిరిగి వచ్చారు. సుమారు 71,000 కిలోమీటర్లు తొక్కారు. బెంగాలీ యాత్రికుడు రామ్‌నాథ్ బిశ్వాస్ 1931లో సింగపూర్ నుంచి మొదలుపెట్టి ఖండాలు తిరిగాడు. 1963లో ఐర్లండ్ నుంచి ఒంటరిగా ఢిల్లీ దాకా తొక్కిన డెర్వ్లా మర్ఫీ పుస్తకం ఎందరినో రోడ్డెక్కించింది. గడ్డకట్టిన ఉత్తరాన సైకిలు తొక్కడం ఇంకా పాతది. 1900లో బంగారం వెతుక్కుంటూ ఎడ్ జెసన్ అనే గని కార్మికుడు కెనడాలోని డాసన్ నుంచి అలాస్కాలోని నోమ్ దాకా, గడ్డకట్టిన యూకాన్ నది మీదుగా సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

ఉత్తర ఛత్తీస్‌గఢ్ తరువాత చాలామంది కన్ను పడేది లద్దాఖ్ మీద. 2020లో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక మనాలీ నుంచి లేహ్ దాకా దూరం కాస్త తగ్గింది. అయినా బారాలాచా, లాచుంగ్, 5,328 మీటర్ల టాంగ్‌లాంగ్ కనుమలు ఎక్కక తప్పదు. టాండీ పెట్రోలు బంకు దగ్గర తరువాతి బంకు 365 కిలోమీటర్లు అని రాసిన బోర్డు యాత్రికులందరికీ తెలుసు. సైకిలువాడికి పెట్రోలు అక్కర్లేదు, కానీ సర్చూ, పాంగ్ గుడారాల హోటళ్ళు లేకపోతే ఆ దారి నోరు తెరుచుకున్న ఎడారే. 5,300 మీటర్ల మీద గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానికి దాదాపు సగం. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పి, వాంతి మొదలైతే కిందికి దిగడమే మందు. సామాను సర్దుకోవడం, నీళ్ళ లెక్క, చలి రాత్రులు సర్గుజాలో నేర్చుకోవచ్చు. ఎత్తు మాత్రం అక్కడికి వెళ్ళి నెమ్మదిగా అలవాటు చేసుకోవాల్సిందే.

ఎడం లెక్క కొసకు చేరేది అలాస్కా, కెనడాల్లో. 1974లో చమురు గొట్టం కోసం వేసిన డాల్టన్ హైవే 666 కిలోమీటర్లు. కోల్డ్‌ఫుట్ నుంచి ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డుకు దగ్గర్లో ఉన్న డెడ్‌హార్స్ దాకా 386 కిలోమీటర్లలో కొట్టు గానీ, హోటలు గానీ లేవు. కెనడాలోని డెంప్‌స్టర్ హైవే మీద మొదటి పెట్రోలు, తిండి ఈగిల్ ప్లెయిన్స్ దగ్గర, మొదలైన చోటి నుంచి సుమారు 370 కిలోమీటర్లకు. ఆ రోడ్ల మీద దుమ్ము అణచడానికి చల్లే కాల్షియం క్లోరైడు వానలో తడిస్తే బురద సిమెంటులా మడ్గార్డుల్లో బిగుసుకుంటుంది. చెక్క పుల్లతో గీకి తీస్తే గానీ చక్రం తిరగదు. తిండి మూటను గుడారానికి దూరంగా మూత బిగించిన డబ్బాలో పెట్టడం అక్కడ నియమం, లేకపోతే ఎలుగు వస్తుంది. వేసవిలో రాత్రి ఉండదు కాబట్టి అలసిన శరీరం ఆగమని చెప్పేదాకా తొక్కుతూనే ఉంటారు. ఆగాల్సిన వేళ గడియారం చూసి నిర్ణయించుకోవాలి.

తిరుగు దారి

అంబికాపూర్ చేరాక రెండు దారులు. ఇంకా ఉత్తరానికి పోవాలనుకుంటే 343వ నంబరు రహదారి సేమర్‌సోత్ అభయారణ్యం గుండా బలరాంపూర్, వేడినీటి బుగ్గలున్న తాతాపానీ, రామానుజ్‌గంజ్ దాకా తీసుకుపోతుంది. కన్హర్ నది దాటితే ఝార్ఖండ్. సంక్రాంతికి తాతాపానీలో పెద్ద జాతర. ఆ వేళకు వెళితే చలిలో వేడినీటి స్నానం దొరుకుతుంది, గది మాత్రం దొరకదు. తిరిగి వచ్చేవారికి అంబికాపూర్ నుంచి దుర్గ్ రైలు ఉంది. రాయ్‌పూర్‌లో దిగవచ్చు. అంబికాపూర్ స్టేషను ఊరికి దూరం. రైలుకు రెండు గంటల ముందే పార్సిల్ ఆఫీసుకు వెళ్ళి, పెడళ్ళు విప్పి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి కట్టి, పేరు, దిగే స్టేషను, టికెట్ నంబరు రాసిన అట్టముక్కలు రెండు వేర్వేరు చోట్ల కట్టాలి. ఒకటి ఊడిపోతే ఇంకొకటి ఉండాలి. బ్రేక్ వ్యాన్‌లో ఎక్కించేటప్పుడు దగ్గరుండి గేరు వైపు పైకి వచ్చేలా పెట్టించుకోవాలి, రాయ్‌పూర్‌లో రైలు ఆగగానే పెట్టె దిగి ఆ వ్యాన్ దగ్గరికి ముందు పరుగెత్తాలి.